నాంచారి వేసుకున్న రెండు మార్కులు

అనగనగా గోరింటపాడనే ఊళ్ళో ఒక బడి ఉండేది, కన్నా. అక్కడ ఐదో తరగతి అనసూయ టీచరుది. ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ప్రశ్నకి జవాబు చెప్పినవాళ్ళు, చెప్పలేనివాళ్ళ నెత్తిన మొట్టికాయ వెయ్యాలి.

జవాబులన్నీ వీరభద్రం అనే పిల్లాడికే వచ్చు. వాడి వేలికణుపులు వక్కల్లా ఉండేవి. పాపం, అదే తరగతిలో ఉన్న నాంచారికి జవాబు నోటిదాకా వచ్చేది. అప్పుడు వాడి చెయ్యి కనపడేది. జవాబు కాస్తా కడుపులోకి పారిపోయేది.

ఒకప్పుడు గంటకి ముందే బడికి పరిగెత్తే పిల్ల, సోమవారం కడుపునొప్పి అంది. మంగళవారం పన్నునొప్పి అంది. బుధవారం జుట్టునొప్పి అంది.

"జుట్టుకి నొప్పేమిటే, నీ మొహం" అని వాళ్ళమ్మ జడేసి పంపించింది.

ఆ రోజే పట్నం నుంచి ఒకమ్మాయి, బడిపిల్లలు ఎలా ఉన్నారో కనుక్కోడానికి కాగితాలు పట్టుకొచ్చింది. "మీ బతుకు ఎంత బాగుందో పదికి మార్కులు వేసుకోండమ్మా" అంది.

అప్పుడు వీరభద్రం పిడికిలి చూపిస్తూ వరసల మధ్య తిరిగాడు. "అందరూ పదే వెయ్యాలి. బడి పరువు."

అందరూ పది వేశారు. నాంచారి పెన్సిలు కొరికింది, నెత్తి తడుముకుంది, రెండు వేసింది.

"ఎవరే ఈ రెండు వేసింది?" అంది టీచరు కాగితాలు చూస్తూ.

నాంచారి లేచింది. "నేనేనండి. ఒకటి ఆదివారానికి, ఒకటి అన్నం బెల్లుకి. మిగతా ఎనిమిదీ మొట్టికాయలకి రాలిపోయాయండి."

ఆ తర్వాత వెనక బెంచీవాళ్ళు లేచారు. అంగన్‌వాడీ అమ్మల ధర్నాలో విన్న రాగమే అందుకున్నారు. "మొట్టికాయల రాజ్యం నశించాలి. బొప్పికట్టిన బుర్రల ఐక్యత వర్ధిల్లాలి."

టీచరు వీరభద్రం వైపు తిరిగింది. "నీ పది నిజమేనట్రా?"

వాడు తల దించుకున్నాడు. "నాలుగేనండి. అన్నం దగ్గర నా పక్కన ఎవరూ కూచోరు."

అప్పుడు టీచరు మొహం చిన్నబోయింది. "కొట్టించి నేర్పింది చదువు కాదురా, భయం. పద్ధతి నాది, తప్పూ నాదే. ఇవాళ్టితో సరి" అంది.

మర్నాడు "ఏడు తొమ్మిదులెంత?" అని అడిగింది. అందరికన్నా ముందు నాంచారి లేచి, ఊరంతా వినపడేలా "డెబ్బై రెండండి" అంది.

తప్పే. క్లాసంతా నవ్వింది. నాంచారి కూడా నవ్వి, "ఇంకోటి అడగండి టీచర్" అంది.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
మొట్టే చెయ్యి మూలకి,
నిమిరే చెయ్యి నీ తలకి.