లోపలి గడియ

జిలానీ బస్సు దిగి నేరుగా కొండకింది దర్గాకు వచ్చాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. అతను తియ్యలేదు. తీస్తే ప్రసూన అడిగే ప్రశ్న ఒక్కటే. దానికి అతని దగ్గర జవాబు లేక కాదు. ఆ జవాబు చెప్పబోయినప్పుడల్లా ఈ మధ్య ఒక తల్లి టీవీలో అన్న మాట అడ్డం పడుతోంది.

అతనూ ప్రసూనా కలిసి హైదరాబాదులో ఒక యాప్ తయారుచేశారు. దాని పేరు గుట్టు. అందులో పంపిన మాట, పంపినవాళ్ళ ఫోన్లోనే తాళం వేసుకుని బయలుదేరుతుంది. అందుకున్నవాళ్ళ ఫోన్లోనే తెరుచుకుంటుంది. దారిలో ఎవరు పట్టుకున్నా పిచ్చిగీతలు తప్ప ఏమీ కనిపించవు. ప్రోగ్రాం రాసిన జిలానీకైనా అంతే.

"నేను కట్టిన ఇంట్లోకి నేనే తొంగిచూడలేను" అని అతను కనపడినవాళ్ళందరికీ గర్వంగా చెప్పుకునేవాడు.

బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు తమ సూపర్‌వైజర్ల ఆగడాలు ఒకరికొకరు చెప్పుకోవడానికి గుట్టు వాడుకున్నారు. ఇసుక లారీల గురించి రాసే చిన్న విలేకరులు వాడుకున్నారు. ఇంట్లోవాళ్ళకు చెప్పుకోలేని జబ్బులున్నవాళ్ళు డాక్టర్లతో మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత ఒక ఊళ్ళో చిన్నపాప కనపడకుండా పోయింది. ఎత్తుకుపోయినవాళ్ళలో ఒకడి ఫోను పోలీసులకు చిక్కింది గానీ తెరుచుకోలేదు; వాళ్ళు గుట్టులో మాట్లాడుకున్నారని మాత్రం తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో తెలియలేదు. జిలానీని అడిగారు. నాకూ తెలియదన్నాడు. అది నిజమే. పాప చివరికి దొరికింది, ప్రాణాలతోనే దొరికింది. కానీ దొరికేలోపల ఆ తల్లి టీవీలో అడిగిన మాట అతని చెవుల్లోంచి పోలేదు.

"ఆ యాప్ చేసినాయనకు పిల్లల్లేరా?"

ఇప్పుడు ప్రభుత్వం కొత్త నిబంధన తెస్తానంటోంది. ఇలాంటి యాప్‌లు నడిపేవాళ్ళు అన్ని తాళాలూ తీసే తాళంచెవి ఒకటి తయారుచేసి తమ దగ్గర ఉంచుకోవాలి. అధికారి అడిగినప్పుడు వాడాలి. దీనిమీద అభిప్రాయం చెప్పమని ఒక కమిటీ జిలానీనీ ప్రసూననూ పిలిచింది.

"ఆ తాళంచెవి చేసేద్దాం. చెయ్యకపోతే మూసేయిస్తారు. అయినా ఆ పాప మొహం చూశాక కూడా కాదనడానికి నాకు నోరు రాదు" అంది ప్రసూన.

"చెయ్యం. మనిషి మనసులో మాటతో సర్కారుకేం పని?" అన్నాడు జిలానీ.

అలా పోట్లాడుకునే అతను బస్సెక్కాడు.

దర్గాలో నూరుల్లా బాబా వసారాలో కూచుని మధ్యాహ్నం వంటకు వెల్లుల్లి ఒలుస్తున్నాడు. పక్కనే వంటలు చూసుకునే కుల్సుంబీ చేటలో బియ్యం చెరుగుతోంది. కాలేజీ రోజులనుంచీ జిలానీకి ఏ చిక్కొచ్చినా ఈ వసారాకే వస్తాడు. బాబాను గురువుగా పెట్టుకున్నది అప్పుడే.

జిలానీ సలాం చేసి, కూచుని, అంతా చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది.

"మనిషికి ఒక తలుపుండాలి బాబా. అది లోపలినుంచి వేసుకునే తలుపై ఉండాలి. ఎంత గొప్ప ప్రభుత్వమైనా దానికి బయటే నిలబడాలి. నేను చెప్పింది తప్పా?"

బాబా చేతిలో ఉన్న వెల్లుల్లిగడ్డ ఒలవడం పూర్తిచేశాడు.

"ఆడవాళ్ళ గది గడియ ఊడిపోయింది బేటా. నువ్వొచ్చావు గదా, కాస్త బిగించిపెట్టు."

"లోపలి వైపా, బయటి వైపా?"

"గదిలో ఉండేదెవరు?"

"ఆడవాళ్ళు."

"అయితే లోపలే."

జిలానీ ముసిముసిగా నవ్వుకున్నాడు. తనకు కావలసిన జవాబు దొరికినట్టే అనుకున్నాడు. సుత్తి, మేకులు తెచ్చుకుని ఇనప గడియను లోపలి వైపు గట్టిగా బిగించాడు. వేసి చూశాడు, తీసి చూశాడు. భుజంతో నెట్టినా కదల్లేదు.

ఆ గదిలో ఎప్పుడూ కొందరు ఆడవాళ్ళు ఉంటారు. ఇంట్లో ఉండలేక వచ్చినవాళ్ళు, మనసు బాగాలేక వచ్చినవాళ్ళు. కొన్నాళ్ళుండి, కాస్త తేరుకుని పోతారు. అప్పుడు ఉన్నవాళ్ళలో పెద్దది ఓబుళమ్మ. నెమ్మదస్తురాలు. ఎవరినీ ఏమీ అడగదు. కొత్త గడియ చూసి, దాన్ని ఒకసారి చేత్తో తడిమి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే మిగతా ఆడవాళ్ళు బట్టలుతుక్కోవడానికి బోరింగు దగ్గరకు పోయారు. ఓబుళమ్మ ఒక్కతే గదిలో ఉండి గడియ పెట్టుకుంది. కుల్సుంబీ ఆమెకు టీ తీసుకుపోయి తలుపు తట్టింది. పలకలేదు. మళ్ళీ తట్టింది. లోపల గిన్నె దొర్లిన చప్పుడయింది. తర్వాత అదీ లేదు.

"ఓబుళమ్మా! ఓబుళమ్మా!"

కుల్సుంబీ కేకకు అందరూ పరుగెత్తుకొచ్చారు. జిలానీ భుజంతో తలుపును గుద్దాడు. అతను బిగించిన గడియ అతన్నే ఆపింది. కిటికీ లేదు. పైన గాలి కోసం చిన్న కంత మాత్రం ఉంది.

పూలతోటలో పనిచేసే మస్తాన్‌వలీ గడ్డపార తెచ్చాడు. నలుగురు మగవాళ్ళు పట్టుకుని ద్వారబంధం సందులో దూర్చి తన్నారు. ఒక్కొక్క దెబ్బకూ దర్గా అంతా అదిరింది. ఫాతెహా చదివించుకోవడానికి వచ్చినవాళ్ళు, రోడ్డుమీద పోయేవాళ్ళు, బోరింగు దగ్గరి ఆడవాళ్ళు, అంతా పోగయ్యారు. చివరికి చెక్క చీలి, గడియ ఎగిరి లోపల పడింది.

ఓబుళమ్మ చాపమీద ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒళ్ళంతా చెమట. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మాట రావడం లేదు.

"చక్కెర జబ్బు. సూది వేసుకుని ఏమీ తినలేదు. బెల్లం నీళ్ళు తేండి!" అని అరిచింది కుల్సుంబీ.

మగవాళ్ళు వెనక్కి తగ్గారు. కుల్సుంబీ ఆమెను ఒళ్ళోకి లేపి కూచోబెట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. కాసేపటికి ఓబుళమ్మ చుట్టూ చూసి, పైట సర్దుకుంది. అప్పుడు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో డాక్టరును పిలుచుకురావడానికి పోయారు.

జిలానీ మాత్రం విరిగిన చెక్క దగ్గర నిలబడిపోయాడు. ఇంకాస్త ఆలస్యమైతే? ఆ గడియ బిగించింది ఎవరు? ఎంత బాగా బిగించానో అని నెట్టి మరీ చూసుకున్నది ఎవరు?

టీవీలో ఆ తల్లి మాట మళ్ళీ వినిపించింది.

అతను అప్పటికప్పుడు టౌనుకు పోయి మంచి తాళం ఒకటి కొనుక్కొచ్చాడు. తలుపులోనే బిగించేది. లోపలినుంచి వేసుకోవచ్చు, బయటినుంచి చెవితో తీయొచ్చు. వడ్రంగిని పిలిపించి చీలిన చోట అతుకు వేయించి, దాన్ని పెట్టించాడు.

"చప్పుడుండదు బాబా. తలుపు పగలదు. చెవి ఒక్కటే, నమ్మకమైన మనిషి దగ్గర ఉంటుంది. నిన్న నేను మాట్లాడింది పొరపాటు" అని తాళంచెవిని రెండు చేతులా బాబా ముందు పెట్టాడు.

బాబా దాన్ని తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ జిలానీ చేతిలోనే పెట్టి వేళ్ళు మూశాడు.

"నీకంటే నమ్మకమైనవాడు ఎవరున్నారు? నీ దగ్గరే ఉంచు."

జిలానీ మనసు తేలికపడింది. కాస్త పొంగింది కూడా. చెవిని చొక్కా జేబులో వేసుకుని ప్రసూనకు మెసేజ్ పెట్టాడు. "నువ్వన్నదే నిజమేమో. తాళంచెవి మంచివాళ్ళ చేతిలో ఉంటే చాలేమో."

ఎండ పెరిగింది. భోజనాలయ్యాక అతను ఆడవాళ్ళ గది వైపు చూస్తే, తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. చాపలన్నీ వసారాలో పరిచి ఉన్నాయి. వడగాలి నేరుగా వాళ్ళ మొహాలకే కొడుతోంది. ఒకామె కొంగు మొహం మీదికి లాక్కుని, గోడకానుకుని కూచుంది. ఇంకొకామె పసిబిడ్డను పమిటచాటున పట్టుకుని, ఎవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ పాలిస్తోంది.

జిలానీ ఓబుళమ్మ దగ్గర చతికిలబడ్డాడు.

"ఒంట్లో ఎట్లుందమ్మా?"

"బాగుండాది నాయనా. డాక్టరు చూసి పోయినాడు."

"ఇక్కడెందుకు కూచున్నావు? లోపల చల్లగా ఉంటుంది, పోయి పడుకో."

"వద్దులే. ఈడే బాగుండాది."

అతను మళ్ళీ అడిగాడు. ఆమె చాప అంచు సర్దుకుంటూ అంది.

"బీగంచెవి నీకాడ ఉండాదంట గదా?"

"ఉంది. కానీ నేను తియ్యనమ్మా. మీకేదన్నా ఆపదొస్తే తప్ప తియ్యను."

"నువ్వు తియ్యవు. నీ మొగం చూస్తేనే తెలుస్తాది."

"మరి భయమెందుకు?"

"మా ఇంట్లో గూడా బీగంచెవి మంచోళ్ళ దగ్గరే ఉండేది నాయనా."

జిలానీ చెయ్యి జేబులోని చెవి మీదికి పోయింది. అయినా అడిగాడు.

"పొద్దున నీకు ప్రాణం మీదికి వచ్చింది. మళ్ళీ అట్లా అయితే?"

"అయితే మళ్ళా పగలగొట్టుకోని రాండి. పొద్దున వచ్చినారు గదా." ఆమె మొదటిసారి నవ్వింది. "నాకు నోరు పడిపోయింది గానీ తలకాయకు అన్నీ తెలుస్తానే ఉండాయి. దబదబా గుద్దుతాంటే, ఊరంతా వస్తాండారులే అనుకున్యా. కొంచెం గూడా బయమెయ్యలే."

జిలానీ లేచి బాబా దగ్గరకు పోయాడు. చొక్కా జేబులో చెవి ఇప్పుడు బరువుగా ఉంది. దాన్ని తీసి చాపమీద పెట్టాడు.

"ఇది నా దగ్గర ఉన్నంతసేపూ ఆ గది గది కాదు బాబా. నేను ఏ తప్పూ చెయ్యకపోయినా కాదు. గడియ పెడితే ప్రాణం పోతుందేమోనని భయం. నాకు దారి తెలియడం లేదు."

బాబా లేచాడు. "రా" అన్నాడు.

ఇద్దరూ కలిసి కొత్త తాళం ఊడదీశారు. బాబా తలుపు రెక్కను పట్టుకుంటే జిలానీ పాత గడియను సాపుచేసి లోపలి వైపు మళ్ళీ బిగించాడు. ఈసారి నెట్టి చూసుకోలేదు.

తర్వాత బాబా పూలతోటలోకి పోయి గడ్డపార తెచ్చాడు. బోరింగు దగ్గర దానికున్న మన్ను కడిగాడు. గది బయట, తలుపు పక్కనే, గోడకు రెండు పెద్ద మేకులు కొట్టించి, గడ్డపారను వాటిమీద అడ్డంగా పెట్టాడు. దర్గాలో ఏ మూల కూచున్నా అది కనిపిస్తుంది.

కుల్సుంబీ మూతి ముడిచింది. "వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఏమనుకుంటారు బాబా? వెనకెక్కడన్నా పెడితే పోదా?"

"వెనక పెడితే, ఎవరు తీసినారో ఎవరికి కనపడుతుంది?" అన్నాడు బాబా.

కుల్సుంబీ వంటింట్లోకి పోతూ, "ఓబుళమ్మా, రేపట్నుంచి నా కళ్ళెదుట తిన్నాకే సూది" అని గట్టిగా చెప్పింది.

ఓబుళమ్మ చాప చుట్టుకుని లేచింది. పసిబిడ్డ తల్లి ఆమె వెనకే లేచింది. ఒకరి తర్వాత ఒకరు లోపలికి పోయారు. గడియ పడిన చప్పుడు వినిపించింది. కాసేపటికి లోపలినుంచి మాటలు, ఆ తర్వాత ఎవరో పకపకా నవ్వడం వినిపించాయి.

ఫోన్ మోగింది. ఈసారి జిలానీ తీశాడు.

"నీ మెసేజ్ చూశాను. అయితే చేస్తున్నాం కదా, తాళంచెవి?" అంది ప్రసూన.

"చెయ్యం. అది ఎవరి చేతిలోనూ ఉండకూడదు, మన చేతిలో కూడా."

"మళ్ళీ మొదటికొచ్చావా? ఆ పాప సంగతో?"

"అదే అడుగుదామనుకున్నా. వాళ్ళలో ఒకడి ఫోను అప్పటికే పోలీసుల చేతిలో ఉందన్నారు కదా? ఆ ఒక్క ఫోను తెరవడానికి, జడ్జి ముందర, అందరికీ తెలిసేలా, మనం ఏం సాయం చెయ్యగలిగేవాళ్ళం? ఎప్పుడన్నా ఆలోచించామా? తెలియదని చెప్పి చేతులు కట్టుకుని కూచున్నాను నేను."

ఈసారి ప్రసూన గొంతులో పోట్లాట లేదు.

"త్వరగా రా. ఇద్దరం కలిసే పోదాం కమిటీకి."

జిలానీ సంచీ భుజానికి తగిలించుకుని సెలవు తీసుకోవడానికి బాబా దగ్గరకొచ్చాడు. వంగి ఆయన చేతులు కళ్ళకద్దుకున్నాడు. పోబోతూ ఒక్క క్షణం ఆగాడు.

"బాబా, నేను చెప్పబోయేది వాళ్ళకు నచ్చదేమో. ప్రతిసారీ ఇంత కష్టమా అంటారు. ఇంత చప్పుడు, ఇంతమంది చూడటం..."

బాబా అతని భుజం మీది సంచీని సరిచేశాడు.

"ఉండాలి బేటా" అన్నాడు. "ఆ చప్పుడు ఉండాలి."