వరహాలమ్మగారి అసలు బ్యాగు

పార్వతీపురంలో పైడిపాటి వారంత తెలివిగలవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవారు. అందరిలోకీ కోడలు సుభద్రమ్మకి తన తెలివంటే మరీ గురి.

అలాంటి ఇంటికి ఒక్క మచ్చ పడింది. మూడేళ్ళ కిందట ఆడపడుచు వరహాలమ్మకి పట్టుచీర పెడితే అది కాస్తా డూప్లికేటని తేలింది. అంతే, ఆవిడ పుట్టింటి గడప తొక్కడం మానేసింది. ఇన్నాళ్ళకి, ఇవాళ సాయంత్రం వస్తానని ఫోన్ చేసింది. ఈసారీ తేడా వస్తే ఇంక జన్మలో రాదని సుభద్రమ్మ భయం. అందుకే ఆన్‌లైన్లో ఫారిన్ కంపెనీ తోలు బ్యాగు తెప్పించింది.

"అసలుదో కాదో ఎలా తెలుస్తుందే?" అన్నాడు మొగుడు వీర్రాజు.

"ఫోన్లో వీడియో ఉందండీ. ఆయన చెప్పింది తు.చ. తప్పకుండా చేసేద్దాం."

వీడియోలో కళ్ళజోడాయన ముందే హెచ్చరించాడు: "ఏం చేసినా ట్యాగు మాత్రం తెంపకండి, తెంపితే కంపెనీ వాపసు తీసుకోదు." సరేనని ట్యాగుకి పసుపు రాసి బొట్టు పెట్టారు.

అసలు తోలైతే నీటిచుక్కని పీల్చుకుంటుందట. చుక్క వేశారు, పీల్చుకుంది.

"చుక్కదేముందండీ! దాహమేస్తే డూప్లికేటు కూడా తాగుతుంది. బిందెడు తాగితే అప్పుడు నమ్ముతాను," అంది సుభద్రమ్మ. ఇంకేముంది, ట్యాగుని పైకెత్తి పట్టుకుని బ్యాగుని గంగాళంలో ముంచేశారు.

అసలు తోలు నిప్పంటుకోదట. అగ్గిపుల్ల గీసి పెట్టారు. అంటుకోలేదు.

"తడిసిన గోనెసంచి కూడా అంటుకోదే పిచ్చిదానా!" అని వీర్రాజు ట్యాగుని మంటకి దూరంగా పట్టుకుని బ్యాగుని ఆరబెట్టాడు, గ్యాసు పొయ్యి మీద. అది అప్పడంలా ముడుచుకుపోయి కమురు వాసన కొట్టింది.

"అసలుదైతే తోలు వాసన రావాలన్నాడు కదూ? వీధి చివరిదాకా వస్తోంది!" అని సుభద్రమ్మ మురిసిపోయింది.

ఇక మిగిలినవి కుట్లు. రెండు వైపులా సమానంగా ఉండాలట. ఉన్నచోటే ఎంచితే లెక్క తప్పుతుందని బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి పళ్ళెంలో పోశారు. ఆ పక్క రెండొందల ఆరు, ఈ పక్కా రెండొందల ఆరే.

"అసలుదే! నూటికి నూరుపాళ్ళూ అసలుదే!" అని ఇద్దరూ ఎగిరి గంతేశారు.

సరిగ్గా అప్పుడే వరహాలమ్మ దిగింది. నేలమీద తోలు పీలికలు చూసుకుని సుభద్రమ్మకి ఏడుపొక్కటే తక్కువ. కానీ ఆవిడ తెలివి ఊరుకుంటుందా?

"వదినా, మీకోసం అసలైన బ్యాగు తెప్పించాం. అందులో చెక్కుచెదరనిది ఇదే, తీసుకోండి," అని ట్యాగు చేతిలో పెట్టింది.

"ఇంత ఖరీదైనది నాకా!" అంటూ వరహాలమ్మ కళ్ళు తుడుచుకుని, ట్యాగుని వేలికి తగిలించుకుని హాలంతా వయ్యారంగా తిరిగింది. ఎంతైనా ఆ ఇంటి ఆడపడుచే కదా! ఇంతలోనే అనుమానమొచ్చి, "ఉండండి, అసలుదైతే అంటుకోకూడదు," అని అగ్గిపుల్ల గీసింది.

ట్యాగు భగ్గుమంది.

వరహాలమ్మ రుసరుసలాడుతూ చెప్పులు వేసుకుంది. సుభద్రమ్మ పరిగెత్తుకెళ్ళి కాళ్ళకి అడ్డంపడింది. "వెళ్ళకండి వదినా! ఈసారి మోసం మేం చెయ్యలేదు, కంపెనీ చేసింది!"

ముగ్గురూ కూర్చుని కంపెనీకి ఫిర్యాదు రాశారు: "అయ్యా, బ్యాగు అసలుదే, మేమే పరీక్ష చేశాం. ట్యాగు మాత్రం డూప్లికేటు. వెంటనే మార్చి పంపండి."

వరహాలమ్మ చెప్పులు విప్పేసి లోపలికొచ్చింది. "ఆ ట్యాగేదో వచ్చేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను!"