చెంబులో పట్టిన హోరు

సిపాయిపేటలో బుర్ర ఉన్న ఇల్లు ఏదంటే తమదేనని నూకరత్నం నమ్మకం. వర్షం వస్తే ఊరంతా గొడుగులు విప్పుతుంది. వాళ్లింట్లో మాత్రం గొడుగు తడిసి పాడైపోతుందని చంకలో దాచుకుని పరిగెత్తుతారు. అంత ముందుచూపు మరి!

ఆమె మొగుడు హవల్దార్ గవరయ్య సైన్యంలో ఫిరంగి పక్కన నిలబడి ఉద్యోగం చేసి వచ్చాడు. గుళ్లు శత్రువుకి ఎంత తగిలాయో గానీ, హోరు మాత్రం ఈయన చెవుల్లోనే ఉండిపోయింది. ఎప్పుడూ 'గుంయ్' మంటూనే ఉంటుంది. బయటి మాట లోపలికి పోదు. అందుకని నూకరత్నం ఏం చెప్పాలన్నా అరవాల్సిందే.

"గొలుసు బియ్యం డబ్బాలో దాచాను, ఎవరికీ చెప్పకు!" అని అరిచిందనుకోండి, వీధి చివర బడ్డీకొట్టు నుంచి "సరేనమ్మా, చెప్పను!" అని జవాబు వచ్చేది. వెంటనే గొలుసు పప్పు డబ్బాలోకి మార్చేది. మార్చిన సంగతి మొగుడికి చెప్పాలి కదా? అంతే, మళ్లీ అరిచేది. చివరికి దాచడానికి ఇంట్లో డబ్బాలే మిగల్లేదు.

వికలాంగ పెన్షనూ, చెవి మిషనూ వస్తే గానీ ఈ కాపురానికి గుట్టు దక్కదని నూకరత్నానికి అర్థమైంది. మొగుణ్ణి వెంటబెట్టుకుని మాజీ సైనికుల ఆఫీసుకి వెళ్లింది.

"వినపడకపోతే మిషన్ పెట్టి తేలుస్తారమ్మా," అన్నాడు అక్కడి గుమాస్తా. "చెవిలో హోరంటే మాత్రం అందరూ చెప్పేదే. మెడికల్ బోర్డుకి వెళ్లేటప్పుడు రుజువేదైనా పట్టుకెళ్లండి. ఈసారి తిప్పి పంపారంటే మళ్లీ ఇప్పట్లో పిలవరు."

ఇంటికి రాగానే తమ్ముడు దాలయ్యని పిలిచి సంగతి చెప్పింది. ఆ ఇంట్లో అతనికి ఇంకాస్త ఎక్కువ తెలివి.

"దొంగతనానికి రుజువేంటక్కా? దొంగసొత్తే కదా! హోరుకి రుజువు హోరే. పట్టుకెళ్దాం."

"దేంట్లోరా?"

"చెంబులో."

ఇంకేముంది! బావ తల ఒక పక్కకి వంచి, చెవి కింద ఇత్తడి చెంబు పెట్టాడు. నిండేదాకా ఓపిగ్గా పట్టుకుని, తర్వాత తన చెవి ఆనించి చూశాడు. 'హో...' మంది చెంబు.

"అక్కా, నిండిపోయింది!"

నూకరత్నం కూడా విన్నది. నిజమే, హోరే! గబగబా మూతపెట్టి గుడ్డ కట్టేశారు.

బోర్డు రోజున బస్సెక్కారు. నూకరత్నం ఒళ్లో ఉన్న చెంబు చూసి కండక్టర్ అడిగాడు.

"ఏంటమ్మా అది? నూనె అయితే సీటు మీద ఒలుకుతుంది."

"నూనె కాదు బాబూ, మా ఆయన చెవిలో హోరు."

కండక్టర్ నమ్మలేదు. గుడ్డ విప్పి, మూత తీసి చూశాడు. అంతే! దాలయ్య సీట్లోంచి ఎగిరి లేచాడు.

"ఆపండి, బస్సు ఆపండి! మా హోరు మీ ఇంజన్ హోరులో కలిసిపోయింది!"

ఎవరో పడిపోయారనుకుని డ్రైవర్ బస్సు ఆపి, ఇంజన్ కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో దాలయ్య చెంబు పట్టుకుని సీట్ల కిందా, మనుషుల కాళ్ల మధ్యా దేవులాడాడు. చెవికి ఆనించుకుని "దొరికింది!" అన్నాడు. తీరా చూస్తే బస్సు మళ్లీ స్టార్టు కాలేదు. జనమంతా దిగి, తిట్టుకుంటూ తోశారు.

"కాస్త ఇంజన్ హోరు కూడా పడినట్టుందిరా," అంది నూకరత్నం.

"పడనీ అక్కా. ఎక్కువుంటే మంచిదేగా!"

ఆసుపత్రిలో మేజరు హోదా ఉన్న డాక్టరమ్మ గవరయ్యని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించబోయింది.

"శబ్దం వినిపిస్తే చెయ్యి ఎత్తమనండి. ఆగిపోతేనే దించమనండి," అని నూకరత్నంతో చెప్పింది.

నూకరత్నం మొగుడి చెవిలో ఆ మాటే అరిచింది. వరండాలో కూర్చున్న రోగులందరూ చేతులు ఎత్తారు. గవరయ్యా ఎత్తాడు. పైఅధికారి ఉత్తర్వు కదా, సెల్యూట్ అంత నిటారుగా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేదు. టెక్నీషియన్ హెడ్‌ఫోన్లు తగిలించి చిన్న శబ్దం పెట్టాడు, చెయ్యి పైనే ఉంది. ఇంకా చిన్నది పెట్టాడు, పైనే. పాపం, బావ చెయ్యి వణుకుతోందని దాలయ్య లోపలికి దూరి, మోచేతికి గొడుగు ఆసరా పెట్టాడు.

"దోమ రెక్క చప్పుడు కూడా వినేట్టున్నాడు మేడమ్," అన్నాడు టెక్నీషియన్. "ఈ చెవులకి పెన్షనేంటి?"

నూకరత్నం నెత్తి కొట్టుకుంది. అయిపోయింది. ఇక బతికున్నంతకాలం వీధి వీధంతా తన డబ్బాలు లెక్కపెట్టుకోవలసిందే.

డాక్టరమ్మ మాత్రం గవరయ్య ముఖంలోకి చూసి, మిషన్ స్విచ్చి ఆపేసింది. చెయ్యి దిగలేదు. హెడ్‌ఫోన్లు తీసేసింది. అయినా దిగలేదు.

"ఈయన వింటున్నది మన మిషన్ కాదయ్యా, తన చెవుల్లో హోరు," అంది. "ఇంతకంటే రుజువేం కావాలి?"

"ఉంది మేడమ్, చెంబులో ఇంకా ఉంది," అన్నాడు దాలయ్య.

హోరు తేలాక, వినికిడి వేరే పద్ధతిలో చూశారు. రెండు చెవులూ పోయాయని తేలింది. పెన్షన్ మంజూరైంది, చెవి మిషన్ చేతికొచ్చింది.

"హోరు ఉన్నంతకాలం పెన్షన్ వస్తుంది," అని చెప్పి పంపింది డాక్టరమ్మ.

చెయ్యి దించమని మాత్రం ఎవరూ చెప్పలేదు. గవరయ్య అలాగే బస్టాండుకి నడిచాడు. దారిలో కనబడ్డ ప్రతి బస్సూ ఆయన కోసం ఆగింది.

ఇంటికొచ్చాక దాలయ్య గడప మీదే కూలబడ్డాడు.

"అక్కా, కొంప మునిగేలా ఉంది! హోరు ఉన్నంతకాలమే పెన్షనన్నారు కదా? మనం ఇప్పటికే చెంబుడు తోడేశాం. మిగిలింది కారిపోతే?"

"అయ్యో! మరి ఈ మిషన్ పెడితే మాటలు లోపలికి పోతాయట కదరా. మాటలన్నీ వెళ్లి కూర్చుంటే హోరు ఎక్కడుంటుంది? బయటికి తోసెయ్యవూ?"

ఇంకేముంది! నూకరత్నం చపాతీ పిండి గట్టిగా కలిపింది. దాలయ్య రెండు ముద్దలు చేసి, బావ చెవులు రెండూ సందు లేకుండా మూసేశాడు. చెంబులో ఉన్నదాన్ని అటక మీద భద్రం చేశారు, ఎప్పుడైనా తక్కువైతే పోసుకోవచ్చని. ఇక మిగిలింది మిషన్. ఖరీదైన వస్తువు, దొంగల కంట పడకూడదు. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి దాచింది నూకరత్నం.

దాచిన చోటు మొగుడికి చెప్పాలి కదా? పిండి ముద్దలున్నాయి కాబట్టి, ఊపిరంతా బిగపట్టి, మునుపెన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"మిషన్ చింతపండు జాడీలో పెట్టాను! ఎవరికీ చెప్పకు!"

"చెప్పం, చెప్పం!" అంది వీధంతా.

గవరయ్య ఒక్కడికే వినపడలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, భార్య వైపు చూసి నవ్వాడు.