తూములో నాయకుడు

కూరగాయల మార్కెట్ వెనక ఒక సందు ఉంది. మార్కెట్ వాళ్లు పారబోసే క్యాబేజీ ఆకులు, మెత్తబడ్డ టమాటాలు అన్నీ అక్కడి కుప్పలోకే చేరతాయి. అందుకని ఎక్కడెక్కడి జంతువులో బతకడానికి వచ్చి ఆ సందులోనే స్థిరపడ్డాయి. రాజస్థాన్ నుంచి నడుచుకుంటూ వచ్చిన ఒంటె భూరా, గోదావరి నుంచి బుట్టలో వచ్చిన పందెంపుంజు దొరబాబు, సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంట్‌లో కాపురమున్న గుడ్లగూబ, ఇంకా మేకలు, పావురాలు, పిల్లులు. ఒకరి భాష ఇంకొకరికి సగమే అర్థమయ్యేది. అందుకేనేమో పెద్దగా తగాదాలు ఉండేవి కావు.

కుప్ప దగ్గర ఎవరు ముందు తినాలో ఎవరు తర్వాత తినాలో చెప్పే ముసలి ఎద్దును దాని యజమాని పల్లెకు తోలుకుపోయాడు. దాంతో కుప్పకు కొత్త పెద్దను ఎన్నుకోవాల్సి వచ్చింది. సందుకు శని పట్టింది.

పోటీ ఇద్దరి మధ్యే. ఒకడు దొరబాబు. చీకటి విడకముందే గోడెక్కి పొద్దుగూకేదాకా తన గొప్పలు తానే కూసుకునేవాడు. రెండోవాడు తూమన్న. ఈ తూమన్నను కళ్లతో చూసినవాళ్లు ఎవరూ లేరు. రోడ్డు పక్కన ఎప్పుడో దించి వదిలేసిన, మురుగు కంపు కొట్టే సిమెంటు తూము ఒకటుంది, దాని లోపలినుంచి గొంతు మాత్రం వినబడేది. మాంసం కొట్టు ముందు పడే ఎముకలన్నీ మీవేనని ఆ గొంతు వీధికుక్కలకు మాటిచ్చింది. గాడిద లచ్చన్నను మైకుగా పెట్టుకుంది. ఇక అప్పట్నుంచి సందులో మనిషన్నవాడు, జంతువన్నది ఒక్క క్షణం కళ్లు మూస్తే ఒట్టు.

"తూమన్నా, కదులు! నీ వెంటే మేమున్నం!" అని కుక్కలు గుంపుగా అరుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేవి. మధ్యమధ్య లచ్చన్న ఓండ్ర పెట్టేవాడు. అది విని దొరబాబు గొంతు ఇంకో మెట్టు పెంచేవాడు.

"జర మధ్యాహ్నం ఆపుండ్రి బై. సాయంత్రం పార్కుల పిల్లల్ని మొయ్యాలె, మధ్యాహ్నమే నాకు నిద్ర" అన్నాడు భూరా.

"పొద్దునపూట ఆపండి. రాత్రంతా ఎలకల వెంట తిరిగి అప్పుడే వచ్చి పడుకుంటాను" అంది గుడ్లగూబ.

"సాయంత్రం ఆపుండ్రి. మా పిల్లలు జల్దిన పంటయి" అన్నాయి పావురాలు.

కుక్కలు అందరి మాటా శ్రద్ధగా విని ఏ పూటా ఆపలేదు.

అందరికంటే ఎక్కువ కష్టం నీలక్కది. నీలక్క బర్రె. ఈని నెల కూడా తిరగలేదు. పొదుగు నిండా పాలున్నాయి, కానీ బర్రె చేపాలంటే మనసు నిమ్మళంగా ఉండాలి. దుడ్డె వచ్చి మూతితో పొదుగు కుమ్మేది, పాలు దిగబోయేవి, సరిగ్గా అప్పుడే లచ్చన్న గొంతెత్తేవాడు. నీలక్క ఉలిక్కిపడేది. దిగబోయిన పాలు ఎక్కడివక్కడే బిగుసుకుపోయేవి. దుడ్డె ఉత్త చన్ను చీకి చీకి అక్కడే కూలబడేది. దాని పక్కటెముకలు బయటపడ్డాయి.

ఇక లాభం లేదని నీలక్క తూము దగ్గరకు వెళ్లింది.

"అన్నా, నా బిడ్డ ఎండిపోతుంది. మీ లొల్లి జర ఆపియ్యి."

"అయ్యో అక్కా! నీ బిడ్డ నా మేనకోడలు కాదా?" అంది లోపలి గొంతు, తేనె పూసినట్టు. "నేను గెలిస్తే నీ కొట్టం చుట్టూ చీమ చిటుక్కుమనదు. ఇది నా మాట. ఒరేయ్ లచ్చన్నా! అక్కకు నిశ్శబ్దం ఇస్తున్నమని సందంతా చాటించు!"

లచ్చన్న ఆ పూటంతా నీలక్క కొట్టం ముందే నిలబడి, ఆమెకు దక్కబోయే నిశ్శబ్దం గురించి గొంతు చించుకుని అరిచాడు. దుడ్డె ఆ పూట కూడా పస్తే.

అయితే తూము దగ్గర నీలక్కకు ఒక సంగతి తెలిసింది. చిన్నప్పుడు ఆమె చెరువు గట్టు మీద మేసింది. తూములోంచి మురుగు కంపుతో కలిసి వచ్చిన వాసన ఆమెకు కొత్త కాదు. లోపలికి వంగి చూస్తే కుచ్చుతోక ఒకటి గబుక్కున వెనక్కి జరిగింది.

ఆమె నేరుగా కుక్కల పెద్ద జాకీ దగ్గరకు పోయింది.

"జాకీ, మీ అన్న నక్కరా."

జాకీ పళ్లు బయటపెట్టాడు. "నువ్వు దొరబాబు పార్టీల చేరినవా అక్కా? మా అన్నను పట్టుకుని నక్క అంటవా?"

"నువ్వు ఎన్నడన్న చూసినవా?"

"లీడర్లను చూడరు అక్కా. నమ్ముతరు."

నీలక్క కాసేపు నెమరేసింది. కోపం మింగి, గొంతు మార్చింది.

"పోనియ్యి, నాదే తప్పు. గానీ నాకొక్క బాధ. ఓట్ల రోజు దొరబాబు కుప్ప మీదికెక్కి జుట్టు ఎగరేస్తడు. అందరు వాణ్ణే చూస్తరు. గంత పెద్ద లీడరు మీకున్నడు, పట్టపగలు కుప్ప మీద నిలబెట్టి దండలెయ్యాలని మీకుండదా?"

జాకీ తోక తనంతట తానే ఊగింది. ఈ మాట దొరబాబు చెవిన కూడా పడింది.

"ఆయ్, మంచి మాట సెప్పారండి!" అన్నాడు వాడు గోడ మీద నుంచి. "మన ముఖం సూత్తే ఓట్లు వాటంతటవే పడతాయండి బాబూ. ఆ తూము ఆయన్ని కూడా రమ్మనండి, సూద్దాం!"

కుక్కలన్నీ తూమును చుట్టుముట్టి అరవడం మొదలుపెట్టాయి. "అన్న బయటికి రావాలె! అన్న ముఖం చూపాలె!"

నక్కకు చెమటలు పట్టాయి. ఒంట్లో బాగాలేదంది. జనం దిష్టి తగులుతుందంది. ఎంత చెప్పినా కుక్కలు వినలేదు. ప్రేమ ముదిరిపోయింది మరి. చివరికి నక్క, "సరే వస్తా. కానీ నన్ను దండలతో నిండా కప్పాలె. లీడరు గౌరవం లీడరుకుండాలె" అంది. కుక్కలు మార్కెట్ నుంచి వాడిపోయిన బంతిదండలన్నీ ఈడ్చుకొచ్చి తూములోకి తోశాయి.

ఓట్ల రోజు ఎండ నడినెత్తికి వచ్చేసరికి సందంతా కుప్ప దగ్గర చేరింది. ఎవరికి ఇష్టమైనవాళ్ల వెనక వాళ్లు నిలబడాలి, ఎవరి వరస పొడుగుంటే వాళ్లదే గెలుపు. కుప్పకు ఒక పక్క దొరబాబు ఛాతీ విరిచి నిలబడ్డాడు. ఇంకో పక్క బంతిపూల గుట్ట ఒకటి మెల్లగా నడిచొచ్చి ఆగింది. ఆ పూల ఘాటుకు కుక్కల ముక్కులు మూసుకుపోయాయి. ముక్కు కొస తప్ప ఏమీ కనబడడం లేదు. వీడు ఇట్లనే గెలిచిపోతే దుడ్డె బతకదు అనుకుంది నీలక్క.

"దొరబాబూ, జర దగ్గరికి జరుగు. ఇద్దర్ని పక్కపక్కన చూస్తే మాకు తేల్చుకునుడు సులువైతది" అంది.

దొరబాబు సంబరంగా జరిగాడు. బలిసిన తొడ, నిగనిగలాడే రెక్క, సరిగ్గా నక్క మూతికి జానెడు దూరంలో. ఇన్నాళ్లూ తూములో బొద్దింకలతో కడుపు నింపుకున్న ప్రాణం అది. పూలలోంచి నాలుక బయటికొచ్చింది. పెదవి తడిమింది. ఇంకాసేపు ఓర్చుకుంటే కుప్పంతా తనదే, కానీ ఓర్చుకోలేకపోయింది. ఎగిరి దూకింది.

దండలు తెగి చెల్లాచెదురయ్యాయి. దొరబాబు రెండు ఈకలు వదిలేసి వేపచెట్టు చిటారుకొమ్మకు చేరాడు.

"నక్క!" అన్నాడు జాకీ.

నక్క పరుగెత్తింది. పరుగెత్తే నక్కను చూసి ఆగి ఆలోచించిన కుక్క ఇంతవరకూ పుట్టలేదు. గుంపంతా వెనకపడింది. అన్ని రోజులుగా అరిచి అరిచి నోటికి అదే అలవాటైపోయిందేమో, తోక పట్టి పీకుతూ కూడా, "తూమన్నా, కదులు! నీ వెంటే మేమున్నం!" అంటూనే ఉన్నాయి. రైలుపట్టాలు దాటించి గానీ వదల్లేదు.

రొప్పుతూ తిరిగొచ్చాక జాకీ గొప్పగా అన్నాడు. "చూసినవా అక్కా? దొంగనక్కను ఎట్ల తరిమినమో! మా అన్న చూస్తే ఎంత మురిసేటోడో. అవునూ, అన్నేడీ?"

"ఏమో బిడ్డా. తూముల ఉన్నడేమో" అంది నీలక్క.

కుక్కలన్నీ వెళ్లి తూము ముందు కూర్చున్నాయి. చెవులు నిక్కబొడుచుకున్నాయి. లచ్చన్న అలవాటుగా నోరు తెరవబోతే జాకీ కళ్లెర్రజేశాడు.

"నోర్ముయ్‌రా! అన్న ఏమన్న మాట్లాడితే వినబడొద్దా?"

దొరబాబు వేపచెట్టు మీదనుంచి దిగనూ లేదు, కూయనూ లేదు. కుప్పకు పెద్ద ఎవరన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆకలైనవాళ్లు వచ్చి తిని పోయారు. భూరా నిలబడ్డచోటే గురక పెట్టాడు.

కొట్టంలో దుడ్డె లేచి, తూలుకుంటూ వచ్చి పొదుగు కుమ్మింది. నీలక్క కళ్లు అరమోడ్చింది. పాలు దిగాయి. దుడ్డె మూతి నిండా నురగ.

ముఖం చూడకుండా జై కొట్టే నోరు, ముఖం చూసిన రోజున ముందుగా కరుస్తుంది.