పునుగుల్లో తగ్గిన దినుసు

వేములకోట రాజు కేసరివర్మకు పునుగుల పిచ్చి పట్టింది. ఓసారి మారువేషంలో సంతకు వెళ్ళి, గవరమ్మ పొయ్యి దగ్గర తిన్నాడు. అప్పట్నుంచీ రాజభోజనం గొంతు దిగడం లేదు.

"ఆ గవరమ్మను పొయ్యితో సహా కోటకు తీసుకురండి" అన్నాడు.

తెచ్చారు. అదే పొయ్యి, అదే మూకుడు, అదే పులిసిన పిండి. మొదటి వాయ బంగారు పళ్ళెంలోకి ఎక్కింది. విషం ఉందేమోనని ముగ్గురు రుచి చూశారు. ఇద్దరు వింజామరలతో విసిరారు. వందిమాగధులు అలవాటు కొద్దీ పునుగులకు కూడా బిరుదులు చదివారు.

రాజు ఒకటి కొరికి మొహం చిట్లించాడు. "ఇవి అవి కావు."

తన వంటను రాజు పక్కన పెట్టాడని ఉడికిపోతున్న వంటపెద్ద శేషాద్రికి సందు దొరికింది.

"ఏదో దినుసు దాచింది ప్రభూ. వీధి వంటవాళ్ళ బుద్ధే అంత."

"రేపు పొద్దుకుంకేలోగా ఆ దినుసు బయట పెట్టకపోతే, నీ పొయ్యి ఇక సంతలో వెలగదు" అన్నాడు రాజు గవరమ్మతో.

"ఇంకేటుంతాది బాబూ, ఉప్పూ, జీలకర్రా, అల్లమూ. ఆ పొయ్యి తీసేస్తే నా పిల్లలు పస్తే" అని గవరమ్మ ఏడ్చింది.

రాజుకు తాంబూలం అందించే పోలినాయుడికి పాపం అనిపించింది.

"ఆ దినుసు నేను తెస్తాను ప్రభూ. రేపు మధ్యాహ్నం సభలో ఎవరికీ భోజనం పెట్టించకండి. సాయంత్రం మీరు కిరీటం తీసేసి, అందరికంటే ఆలస్యంగా రండి."

మర్నాడు సాయంత్రం కోట పెరట్లో పొయ్యి వెలిగింది. కడుపు కాలుతున్న ఉద్యోగులు నలభై మంది. మూకుట్లో పట్టేవి పాతిక పునుగులు. సేనాపతి వ్యూహం పన్ని ఎడమవైపు నుంచి చొరబడ్డాడు. రాజగురువు తనకు మాడినవే కావాలని పట్టుబట్టాడు. మంత్రి పచ్చడి కొసరు అడిగి, మళ్ళీ అడిగాడు.

"తమరికిందాకే ఏసినాను గదా బాబూ" అంది గవరమ్మ.

తప్పులు పట్టడానికి వచ్చిన శేషాద్రి అందరికంటే ముందు నిలబడ్డాడు. మూడోసారి.

కిరీటం లేకుండా చివరగా వచ్చి గుంపులో ఇరుక్కున్న రాజు, వెనక ఎవరిదో మోచెయ్యి తగిలి ముందుకు తూలాడు. ఇక ఆగలేక శేషాద్రి భుజం మీదుగా దొప్ప చాపాడు.

శేషాద్రి తల కూడా తిప్పలేదు.

"ఏమయ్యా, ఇక్కడ మేం మనుషుల్లా కనబడ్డం లేదూ? వెనక్కి నిలబడు."

రాజును గుర్తుపట్టినవాళ్ళు నాలుక కరుచుకున్నారు. గవరమ్మ మాత్రం ఎవరి దొప్పో చూడకుండానే అందులో నాలుగు వేసింది. ఎవరైనా లాక్కుంటారన్న భయంతో రాజు ఒకటి గబుక్కున నోట్లో వేసుకున్నాడు. నాలుక కాలింది. కళ్ళ నీళ్ళొచ్చాయి.

"ఇదే. ఇదే ఆ రుచి."

శేషాద్రి వెనక్కి తిరిగి చూసి దొప్ప వదిలేశాడు. అది కింద పడేలోపు కోశాధికారి పట్టేసుకున్నాడు.

పోలినాయుడు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"దినుసు దొరికింది ప్రభూ. శేషాద్రిగారి నోట్లోనే ఉంది."

"ఏమిటది?"

"'వెనక్కి నిలబడు' అన్న మాట. సంతలో అది ప్రతి వాయకూ పడుతుంది. కోటలో మీతో ఆ మాట అనేవాళ్ళేరీ?"

రాజు పొలమారేదాకా నవ్వాడు. గవరమ్మ పొయ్యి సంతలోనే ఉంటుందనీ, అక్కడ రాజైనా వరసలోనే నిలబడాలనీ అక్కడికక్కడే శాసనం చేశాడు. శేషాద్రిని క్షమించాడు.

"నీకేం కావాలో కోరుకో పోలినాయుడూ."

"మీ దొప్పలో మిగిలిన మూడు పునుగులూ ఇప్పించండి ప్రభూ."

రాజు దొప్పకేసి చూసుకున్నాడు. చాలాసేపు ఆలోచించాడు.

"ఒక ఊరు రాసిస్తాను. సరిపోదూ?"

పెరడంతా గొల్లున నవ్వింది. పోలినాయుడు ఊరు పుచ్చుకుని, ఖాళీ దొప్ప పట్టుకుని, వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.