గువ్వ మెడ మీద అవ్వ పూసలు

ఒకప్పుడు గువ్వ మెడ మీద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. ఒంటినిండా బూడిద రంగే. ఎదురైన ప్రతి పిట్టా "ఎవరింటి దానివే నువ్వు?" అని ఆటపట్టించేది. గువ్వకు చెప్పుకోడానికి ఏ ఇల్లూ లేదు పాపం!

ఆ రోజుల్లో ఒక కొండరెడ్ల గూడెంలో జోగవ్వ ఉండేది. ఆమె మెడలో నల్లదారానికి గుచ్చిన తెల్లపూసల దండ ఉండేది. అది ముత్తవ్వల నాటిది. ఇంట్లో ఆడపిల్ల పుడితే ఆ దండకు ఒక పూస చేర్చి, పిల్ల మెడలో వేసి పేరు పెట్టేవాళ్లు. ఏటా విత్తనాలు చల్లేముందు, పోయిన పెద్దల చల్లని చూపు గింజల మీద పడాలని, దాన్ని విత్తనాల బుట్టలో కాసేపు ఉంచేవాళ్లు.

ఆ ఏడు దండ తీసే పని మనవరాలు పోలిది. పాటల ధ్యాసలో పడి పోలి మరిచేపోయింది. పాతదారం బుట్టలోనే తెగింది. తెల్లజొన్నలతో పాటు తెల్లపూసల్ని కూడా పోడు చేనంతా చల్లేసింది మహాతల్లి! బుట్ట అడుగున ఉత్తదారం కనబడ్డాక అవ్వ దగ్గరికి పరిగెత్తింది.

"అవ్వా! రేపు చెల్లికి పేరెట్టాలి గదా. దండ లేకపోతే మన పెద్దోళ్లు పిల్లని ఎట్టా గుర్తుపడతారే?" అని గొల్లుమంది.

జోగవ్వకూ ఏడుపు ఆగలేదు. ఇద్దరూ వంగి వెతికారు. ఏది గింజో, ఏది పూసో!

కొమ్మ మీది గువ్వ కిందికి దిగింది. "నేను ముక్కుతో పొడిస్తే తెలిసిపోతుంది. టక్కుమంటే పూస."

"గింజలన్నీ మింగేత్తే మేమేం తినాలే?" అంది జోగవ్వ.

"ఒక్కటి మింగినా నన్ను గువ్వ అనకు!"

పొద్దుగూకేదాకా పొడిచింది. కడుపు నకనకలాడినా ఒక్క గింజ మింగలేదు. పూసలన్నీ ఏరి అవ్వ ఒడిలో పోసింది.

జోగవ్వ అందులోంచి గువ్వకని గుప్పెడు పూసలు పక్కకు తీసింది.

"అవ్వా, అవి మన పెద్దోళ్లవే!" అంది పోలి.

"ఆళ్లుంటే ఆళ్లే ఇచ్చేవోళ్లు. ఈ పూసలున్నోళ్లంతా మన ఇంటోళ్లే."

ఆ మాటకు గువ్వ సిగ్గుతో తల వంచేసింది. వంచిన మెడ మీదే అవ్వ నల్లదారం చుట్టి, పూసలు అతికించింది. తెల్లారి చెల్లికి దండ వేసి, గువ్వమ్మ అని పేరు పెట్టారు.

అప్పటినుంచే గువ్వకు మెడ వెనక నల్లపట్టీ, దాని మీద తెల్లచుక్కలు. తన మెడ తనకు కనబడదు కదా! అందుకే ఈనాటికీ ఎవరెదురైనా తల వంచి వంచి అడుగుతుంది, "చూడు, మా అవ్వ పూసలున్నాయా?"