పలకని పుచ్చకాయలు

ఏటి ఒడ్డున తవిటయ్య, అతని పెళ్ళాం పోలమ్మ, పోలమ్మ తమ్ముడు గుంపస్వామి ఒకే ఇంట్లో ఉండేవారు. తమకున్నంత తెలివి చుట్టుపక్కల ఎవరికీ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. "మన తెలివికి దిష్టి తగులుతుంది మావా" అని పోలమ్మ ప్రతి అమావాస్యకీ మగాళ్ళిద్దరికీ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది.

ఆ ఏడు ఏటి ఇసుకలో మొదటిసారి పుచ్చపాదులు పెట్టారు. కావిళ్ళతో నీళ్ళు మోశారు, నక్కలు రాకుండా కాపలా కాశారు. కాయలు బిందెలంత అయ్యాయి. ఆలస్యం చేస్తే వానలొచ్చి ఏరు అన్నిటినీ ముంచేస్తుంది. తొందరపడి కోస్తే పచ్చికాయలు ఎవరూ కొనరు. ఎప్పుడు కోయాలో తెలియక, పక్క పాదుల ముసలామె అసిరమ్మను అడిగారు.

"తట్టి చూడండర్రా. పండిన కాయ అదే పలుకుతుంది" అందామె.

ఇంకేముంది, తవిటయ్య ఒక కాయ ముందు గొంతుక్కూర్చుని తట్టాడు. "పండావా?" అన్నాడు. కాయ పలకలేదు.

"అంత పెద్ద కాయని 'నువ్వు' అంటే ఎలా పలుకుతుంది బావా" అని గుంపస్వామి తలపాగా తీసి, వంగి, "పండారా అండీ?" అన్నాడు. అప్పుడూ పలకలేదు.

"నిద్రపోతోందేమో, గట్టిగా తట్టు" అని పోలమ్మ ఇంటికెళ్ళి రోకలి తెచ్చింది. అంతే, ఒక్క దెబ్బకి కాయ రెండు చెక్కలైంది. లోపలంతా తెలుపు.

"పాపం, ఎలా తెల్లబోయిందో చూడు" అన్నాడు తవిటయ్య. ముగ్గురికీ మనసు చివుక్కుమంది.

మళ్ళీ అసిరమ్మ దగ్గరికి పోయారు. "పలకడమంటే మాటలాడటం కాదు నాయనా. కాయని తిరగేసి చూడండి. ఇసుక తగిలిన చోట పసుపు కనబడితే కోయండి" అందామె.

తిరగేస్తే అన్నీ తెల్లగానే ఉన్నాయి. "ఈపాటి పనికి ఆ ముసలామెని అడగాలా" అని పోలమ్మ పసుపు డబ్బా తెచ్చి, కాయ కాయకీ అడుగున రాసుకుంటూ పోయింది. పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయని మగాళ్ళిద్దరూ మురిసిపోయారు. పసుపు కనబడింది, ఇంకేముంది, వెనకాలే కోసుకుంటూ పోయారు. డబ్బాలో పసుపు అయిపోయింది గనక సగం పాదు బతికింది. కోసినవన్నీ చప్పిడి కాయలే. పెడితే ఆవు కూడా మొహం తిప్పుకుంది.

తవిటయ్య ఇసుకలో కూలబడి ఏడ్చాడు. అసిరమ్మకి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. "మీకు చెప్పడం నాదే తప్పు. ఇక నేనొచ్చి చూసేదాకా ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చోండి" అంది.

గుంపస్వామి కొబ్బరితాడు తెచ్చి బావ చేతులు కట్టాడు, అక్క చేతులు కట్టాడు. దారినపోయే గొర్రెల కాపరిని బతిమాలి తన చేతులూ కట్టించుకున్నాడు. ఎవరో జాలిపడి గంజి పోస్తే కుండలో మూతులు పెట్టి తాగారు. ఈగలు వాలితే ఒకరి మొహం మీద ఒకరు ఊదుకున్నారు. కట్లు విప్పుతామని ఎవరన్నా వస్తే, "వద్దు, అసిరమ్మత్త రావాలి" అన్నారు. పాదు జోలికి పోవడానికి చేతులు లేవు. అందుకే కాయలు హాయిగా పండాయి.

అసిరమ్మ వచ్చి, నెత్తి కొట్టుకుని, కట్లు విప్పింది. కాయలు తట్టి, తిరగేసి, తొడిమ కాస్త ఉంచి కోయించింది. ఒకటి పగలగొడితే లోపల ఎర్రగా ఉంది, నోట్లో పెడితే పంచదార. ముగ్గురికీ కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"సంతకి తోలడానికి బండి తెస్తాను. అందాకా కాయలు ఎండలో ఉంచకండి, చల్లగా ఉండాలి" అని చెప్పి వెళ్ళింది.

ఏటి నీళ్ళకంటే చల్లనిది ఏముంది? అంతే, కాయలన్నీ దొర్లించుకెళ్ళి ఏట్లో వేశారు. కాయలు తేలాయి. తేలి, ఒకదాని వెనక ఒకటి దిగువకి బయల్దేరాయి.

అసిరమ్మ బండితో వచ్చేసరికి ఇసుక ఖాళీ. "కాయలేవిరా?" అంది.

"సంత జరిగే ఊరు దిగువనే కదా అత్తా" అన్నాడు తవిటయ్య. "బండి బాడుగ దండగ. అవే ఊరికే పోతున్నాయి."

అసిరమ్మ ఏటివైపు తిరిగి చూసింది. గుంపస్వామి ఒడ్డు వెంట పరిగెడుతూ నీళ్ళలో పోతున్న కాయలకి చెయ్యి ఊపుతున్నాడు. "రేవు రాగానే ఎడమ పక్కకి తిరగండి. సంత అక్కడే. మీరు కూర్చోండి, మేం అన్నం తిని వస్తాం."